పసిగుడ్డు ఒంటి వేడి: పొట్ట, పాదం పట్టుకుని తెలుసుకునే పద్ధతి

మా పెద్దాడు డిసెంబర్‌లో పుట్టాడు, చిన్నది మే నెలలో. ఇద్దరితోనూ నాకు ఎదురైంది ఒకటే సమస్య, ఒంటి వేడి. కాకపోతే తిరగేసి వచ్చింది, ఒకరికి చలి, ఇంకొకరికి ఉక్క.

పెద్దాడు పుట్టిన నర్సింగ్ హోమ్‌లో లేబర్ రూమ్ ఏసీ గడగడలాడించేలా ఉండేది. పుట్టగానే పైపైన తుడిచి, పక్కకి తీసుకెళ్లి బరువు చూసి, చుట్టాలకి చూపించి, నా దగ్గరకి తెచ్చేసరికి వాడి పాదాలు ఫ్రిజ్‌లోంచి తీసిన దోసకాయల్లా ఉన్నాయి. అదేమీ పెద్ద విషయం కాదనుకున్నాను. రెండోసారి మేలో, వైజాగ్ గాజువాకలో మా అమ్మ వాళ్లింట్లో, తొమ్మిదో రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. పిల్లకి టోపీ, మేజోళ్లు, జుబ్బా, పైన పొత్తిగుడ్డ, దాని మీద మా అమ్మ అమెరికా నుంచి ఎవరో తెచ్చారని దాచిన ఉన్ని రగ్గు. పిల్ల ముఖం ఎర్రగా కందిపోయింది, పాలు పట్టట్లేదు. చంకలో థర్మామీటర్ పెడితే 100.2. ఇక చూడాలి మా ఇంట్లో టెన్షన్! మా అమ్మ "దిష్టి" అంది, మా ఆయన ఆటో కోసం పరిగెత్తాడు. అన్నీ విప్పి ఒక్క పల్చటి జుబ్బా ఉంచి, విసనకర్రతో విసిరి, పాలు పట్టి, అరగంట తర్వాత చూస్తే 99.1. అంటే జ్వరం కాదు, మేమే పిల్లని ఉడకబెట్టాం.

ఆ తర్వాత కాన్పులైన మా వాళ్లందరికీ ఫోన్‌లో చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది కాబట్టి మొత్తం ఒకచోట రాస్తున్నాను. నేను డాక్టర్‌ని కాదు. ఇందులో అంకెలన్నీ పిల్లల డాక్టర్లు, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేవే, సొంత పైత్యం వాటి మధ్యలో మాత్రమే.

ముందు ఒక్క ముక్క: పసిబిడ్డ ఎందుకు ఇలా

కడుపులో ఉన్నంతకాలం బిడ్డ ఒంటి వేడి తల్లి కంటే దాదాపు అర డిగ్రీ సెల్సియస్ ఎక్కువే ఉంటుంది. బయటికి రాగానే తడి ఒంటితో, ఏ దన్నూ లేకుండా చల్లగాలిలో పడుతుంది. సరిగా తుడిచి కప్పకపోతే మొదటి 10–20 నిమిషాల్లోనే ఒంటి వేడి 2 నుంచి 4 డిగ్రీల సెల్సియస్ పడిపోవచ్చు.

గుండిగలో అన్నం గంటకి కూడా పొగలు కక్కుతుంది, ప్లేట్లో పెట్టిన ఇడ్లీ రెండు నిమిషాల్లో చల్లారిపోతుంది. బిడ్డ ఇడ్లీ అన్నమాట. మూడు కేజీల బిడ్డకి ఒక్కో కేజీకి లెక్కేస్తే, మనకంటే రెండు రెట్లకు పైగా చర్మం గాలికి తగులుతూ ఉంటుంది. దానికితోడు ఒంటి లెక్కలో తల పెద్దది, చర్మం కింద కొవ్వు పల్చన.

మనకి చలేస్తే వణుకుతాం, ఆ వణుకుకి వేడి పుడుతుంది. పసిబిడ్డకి వణకడం పెద్దగా రాదు. దాని బదులు దేవుడిచ్చినట్టు ఒక ప్రత్యేకమైన కొవ్వు ఉంటుంది, గోధుమరంగు కొవ్వు అంటారు, మెడ వెనక, రెండు భుజాల రెక్కల మధ్య, మూత్రపిండాల చుట్టూ. మామూలు కొవ్వు దాచుకునే సరుకైతే ఇది నేరుగా కాల్చే సరుకు. చలి తగలగానే మెదడు నుంచి కబురు వెళ్తుంది, ఈ కొవ్వు కరిగి వేడి పుడుతుంది. కానీ పొయ్యి వెలగాలంటే కట్టెలు, గాలి కావాలి కదా, ఇక్కడ కూడా చక్కెర, ఆక్సిజన్ ఖర్చవుతాయి. అందుకే చలికి చాలాసేపు వదిలేసిన బిడ్డ రక్తంలో చక్కెర పడిపోతుంది, ఊపిరి తీసుకోవడం కష్టమవుతుంది, మందకొడిగా అయిపోయి పాలు లాగదు. పాలు లాగకపోతే కట్టెలు లేవు, కట్టెలు లేకపోతే ఇంకా చల్లబడుతుంది. నెలతక్కువ బిడ్డల్లో ఈ కొవ్వు పూర్తిగా తయారయ్యే టైమే ఉండదు, వాళ్ల సంగతి చివర్లో చెప్తాను.

వేడి ఎక్కువైతేనో? చెమట పట్టించుకోవడం కూడా వాళ్లకి సరిగా రాదు. నెలలు నిండిన బిడ్డకి నుదుటి మీద కొంచెం పడుతుంది, అంతే. బొంత తన్నేసి పక్కకి పొర్లడం కూడా రాదు. పైగా మన వైజాగ్ ఉక్క! గాలిలో తేమ ఎక్కువున్న రోజు కూజాలో నీళ్లు కూడా సరిగా చల్లబడవు, ఎందుకంటే నీరు ఆవిరైతేనే కుండ చల్లబడేది. బిడ్డ ఒళ్లూ అంతే.

వేడి ఏ దారిన పోతుంది అనేది తెలిస్తే సగం పని అయిపోయినట్టే. తడి ఒంటి మీద నీరు ఆవిరవుతూ వేడిని తీసుకుపోతుంది. చల్లటి గచ్చు, త్రాసు పళ్లెం, మన తడి చేతులు తగిలితే నేరుగా పోతుంది. బీచ్ రోడ్డు గాలి, ఏసీ గాలి, ఫ్యాన్ గాలి ఊడ్చుకుపోతాయి. నాలుగోది ఎవరికీ అనుమానం రానిది, ఏమీ తగలకపోయినా పక్కనే ఉన్న చల్లటి గోడకో కిటికీ అద్దానికో ఒంటి వేడి పోతుంది. ఉయ్యాల గోడకి ఆనించి కట్టకండి అనేది అందుకే. ఎండాకాలం టాప్ ఫ్లోర్‌లో మాత్రం ఇదే దారిలో స్లాబు వేడి బిడ్డ మీదకి దిగుతుంది.

మొదటి గంటలో ఏం అడగాలి

ఇది మన చేతుల్లో లేదనుకుంటాం గానీ కాన్పుకి ముందే డాక్టరమ్మతో మాట్లాడి పెట్టుకోవచ్చు, ఎవరూ తిట్టరు.

కాన్పు గది 25–28 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. లోపల డాక్టర్లకి ఉక్కపోసినా సరే, అది బిడ్డ కోసం పెట్టాల్సిన లెక్క. బిడ్డ పుట్టగానే పొడి గుడ్డతో తల నుంచి కాళ్ల దాకా ఒత్తి తుడవాలి, ఆ తడిసిన గుడ్డ పక్కన పడేసి ఇంకో పొడి గుడ్డ తీసుకోవాలి (తడి గుడ్డలోనే చుట్టేయడం చాలామంది చేసే తప్పు). తర్వాత నేరుగా తల్లి గుండెల మీద, మధ్యలో బట్ట లేకుండా, ఇద్దరి మీదా కలిపి ఒక దుప్పటి, బిడ్డ తలకి టోపీ. ఆ గంటలోనే పాలు పట్టాలి. బరువు చూడటం, ఫోటోలు, తాతగారు చెవిలో పేరు చెప్పడం, అన్నీ గంట తర్వాత. ఆపరేషన్ అయినా, తల్లి మెలకువగా ఉండి ఒంట్లో బాగుంటే చాలాచోట్ల అలాగే పెడుతున్నారు. కుదరకపోతే తండ్రి గుండెల మీద పెట్టొచ్చు, తండ్రికీ ఒంట్లో వేడి ఉంటుంది మరి.

ఒంటి మీద వెన్నలాంటి తెల్లటి పూత ఉంటుంది, దాన్ని కడిగేయొద్దు. మొదటి స్నానం కనీసం 24 గంటల తర్వాతే. మా అత్తయ్య గారు "పురిటి మురికి అలాగే ఉంచుతారా" అని చిరాకు పడ్డారు, మర్నాటికి ఆ పూత తనంతట తనే చర్మంలోకి ఇంకిపోయింది, ఆవిడే చూసి ఊరుకున్నారు.

ఇంటికి తెచ్చే దారి

పాతనగరం ఘోషాసుపత్రి నుంచో, కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) నుంచో గాజువాక దాకా ఆటోలో వచ్చామనుకోండి, బిడ్డకి ఎండ ఒక పక్క, గాలి ఒక పక్క. తల్లి బిడ్డని గుండెకి ఆనించి పట్టుకుని, పైట గాలి తగిలే వైపు కప్పి, గాలి రాని పక్క కూర్చోవాలి. ముఖం మాత్రం ఎప్పుడూ మూయకూడదు. కారైతే ముందు తలుపులు తీసి లోపలి వేడి పోనిచ్చి, ఏసీ మామూలుగా పెట్టుకుని, గాలి బిడ్డ మీదకి రాకుండా రెక్కలు తిప్పేయండి. చలికాలంలో పుట్టిల్లు అరకు, చింతపల్లి, లంబసింగి వైపు అయితే సంగతి వేరు, అక్కడ రాత్రి సింగిల్ డిజిట్‌కి పడిపోతుంది. వైజాగ్‌లో వేసిన బట్టలతో ఘాట్ ఎక్కకండి. ఇంకో రెండు పొరలు చేతిలో ఉండాలి.

అసలు పని: చెయ్యి పెట్టి చూడటం

మొత్తంలో ఇదొక్కటి వచ్చేస్తే చాలు. "నాకు ఉక్కగా ఉంది కాబట్టి బిడ్డకి ఉక్క", "పచ్చి బాలింతకి చలి కాబట్టి బిడ్డకి చలి", ఈ రెండు లెక్కలూ తప్పే. బిడ్డ ఒంటినే అడగాలి.

ముందు మీ చెయ్యి. అంట్లు తోమి వచ్చిన చల్లటి చెయ్యి పెడితే బిడ్డ కాలిపోతున్నట్టు అనిపిస్తుంది, పొయ్యి దగ్గర నుంచి వచ్చిన చెయ్యి పెడితే చల్లగా అనిపిస్తుంది. మా అమ్మ ఒకరోజు సింక్ దగ్గర నుంచి నేరుగా వచ్చి పొట్ట మీద చెయ్యి వేసి "ఒళ్లు పేలిపోతోందే" అని అరిచింది, చూస్తే 98.2. అందుకని చేతులు తుడుచుకుని, రెండూ రుద్దుకుని, మామూలు వేడికి వచ్చాక చేతి వెనక వైపుతో చూడండి.

ఇప్పుడు జుబ్బా పైకెత్తి పొట్ట మీద, తర్వాత మేజోడు తీసి అరికాలి మీద పెట్టండి. పొట్టా పాదం రెండూ వెచ్చగా, పాదం గులాబీ రంగులో ఉంటే బిడ్డ హాయిగా ఉన్నట్టు, ఏమీ కదపకండి. పొట్ట వెచ్చగా ఉండి పాదం చల్లగా ఉంటే చలి మొదలైంది, ఒళ్లు వేడిని పొట్ట దగ్గర దాచుకుంటోంది, వెంటనే వెచ్చబెట్టాలి. పొట్టా పాదం రెండూ చల్లగా ఉంటే అది ప్రమాదం, అప్పటికే వేడి పడిపోయింది. మూడే మూడు స్థితులు, ఆశా కార్యకర్తలకి శిక్షణలో నేర్పేది కూడా ఇదే.

చేతివేళ్లు చూసి కంగారు పడకండి. మొదటి ఒకటి రెండు రోజులు చేతులూ కాళ్లూ కొంచెం నీలంగా ఉండటం చాలామంది పిల్లల్లో మామూలే. పెదాలు, నాలుక నీలంగా మారితే మాత్రం ఒక్క నిమిషం ఆగకూడదు, ఆసుపత్రే.

వేడెక్కిందా అని చూడాలంటే మెడ వెనక, జుట్టు మొదళ్లలో వేలు పెట్టండి. అక్కడ చెమట, ముఖం ఎర్రబడటం, ఊపిరి వేగం, చిరాకు ఏడుపు లేదా మగతగా ఉండటం, మెడ మడతల్లో చెమటకాయలు. ఇవి కనిపిస్తే ఒక పొర తీయాల్సిందే.

మొదటి వారం పాలు పట్టే ప్రతిసారీ ఒకసారి ఇలా పట్టుకుని చూసేదాన్ని. నెల తిరిగేసరికి చూడకుండానే తెలిసిపోయేది.

థర్మామీటర్

మామూలు డిజిటల్‌ది కొనుక్కోండి, పాదరసంది వద్దు, పగిలితే లేనిపోని గొడవ. చంక పొడిగా తుడిచి, కొన చంక మధ్యలో పెట్టి, బిడ్డ చేతిని ఒంటికి ఆనించి బీప్ వచ్చేదాకా పట్టుకోవాలి. స్నానం చేయించిన వెంటనే, గట్టిగా ఏడ్చిన వెంటనే చూడకండి. నోట్లో పెట్టకూడదు.

చంకలో 97.7 నుంచి 99.5 ఫారెన్‌హీట్, అంటే 36.5 నుంచి 37.5 సెల్సియస్, మంచి వేడి. అంతకంటే తగ్గితే చల్లబడుతున్నట్టు, 96.8 కంటే కిందకి పోతే ఆసుపత్రికి బయలుదేరాలి. పైవైపు 100.4, అంటే 38 సెల్సియస్, చేరినా దాటినా మూడు నెలల లోపు బిడ్డకి అది ఎమర్జెన్సీ. పారాసిటమాల్ చుక్కలు వేసి రేపు చూద్దాం అనుకోకండి. పసిబిడ్డకి ఇన్‌ఫెక్షన్ అంటే జ్వరమే రావాలని లేదు, ఒళ్లు చల్లబడటం కూడా ఇన్‌ఫెక్షన్ గుర్తే, ఇది చాలామందికి తెలియదు.

ఆసుపత్రి కాన్పు అయినా ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి రావాలి, ఒంటి వేడి, బరువు చూడాలి. అపార్ట్‌మెంట్ వాళ్లు చాలామంది వాచ్‌మన్ దగ్గరే తిప్పి పంపేస్తారు. పిలిచి చూపించుకోండి, పైసా ఖర్చు లేదు.

బట్టలు, గది, ఏసీ

మీకు హాయిగా ఉండటానికి ఎన్ని పొరలు కావాలో బిడ్డకి అంతకంటే ఒక్కటే ఎక్కువ, ఇది మామూలు రోజుల లెక్క. ఏప్రిల్ నుంచి జూన్ దాకా మన ఊళ్లో ఆ ఒక్కటి కూడా అక్కర్లేదు. పల్చటి నూలు జుబ్బా, లంగోటా, అంతే. ఉతికి ఉతికి మెత్తబడిన పాత పంచె, పాత నూలు చీర కంటే మంచి పొత్తిగుడ్డ బజార్లో దొరకదు. కొత్త బట్టైతే రెండు మూడుసార్లు ఉతికాకే వాడండి. పూర్ణా మార్కెట్లో బారసాల కోసం అమ్మే ఆ మెరిసే సిల్కు గౌన్లు ఫోటోకి ఐదు నిమిషాలు వేసి తీసేయండి.

డిసెంబర్, జనవరి తెల్లవారుజామున మాత్రం లోపల బనీను, పైన పొడుగు చేతుల జుబ్బా, మేజోళ్లు, పొత్తిగుడ్డ కావాలి. మందంగా ఒకటి వేసే కంటే పల్చగా రెండు మూడు వేస్తే మధ్యలో గాలి వేడిని పట్టుకుంటుంది, తీయడం కూడా తేలిక. టోపీ మొదటి రోజుల్లో, చలిలో, బయటికి వెళ్లినప్పుడు పెట్టండి. ఇంట్లో వెచ్చగా నిద్రపోయేటప్పుడు తీసేయండి, తల నుంచే ఎక్కువ వేడి బయటికి పోవాలి. మరీ వేడెక్కిన గదిలో, మరీ చుట్టేసి పడుకోబెట్టడం పసిపిల్లలు నిద్రలో హఠాత్తుగా చనిపోయే ప్రమాదాన్ని పెంచుతుంది. వెల్లకిలా పడుకోబెట్టాలి, ముఖం దగ్గర బొంతలు, దిండ్లు, బొమ్మలు ఉండకూడదు.

ఫ్యాన్ వేయొచ్చా? వేయొచ్చు, తడి ఒంటి మీద తప్ప. ఏసీ? 26–28 దగ్గర పెట్టి గాలి నేరుగా తగలకుండా చూస్తే చాలు, "ఏసీ గాలికి నెమ్ము చేస్తుంది" అని మేలో కిటికీలన్నీ మూసి పురిటి గదిని ఆవిరి పొయ్యి చేయడం కంటే వంద రెట్లు నయం. కుంపటి మాత్రం గదిలోకి రానివ్వకండి. మూసిన గదిలో బొగ్గుల నుంచి వచ్చే విషవాయువుకి వాసన ఉండదు, తల్లీబిడ్డలిద్దరికీ ప్రాణం మీదకి వస్తుంది. సాంబ్రాణి పొగ కూడా అంతే, ఆ చిన్న ఊపిరితిత్తులకి పొగ పొగే.

స్నానం

రోజూ చేయించాలని రూలేమీ లేదు. బొడ్డు ఊడేదాకా గోరువెచ్చటి గుడ్డతో తుడిస్తే సరిపోతుంది. చేయించే రోజు ఎండ వచ్చాక, పది గంటలకి, ఫ్యాన్ ఆపి, తలుపు దగ్గరగా వేసి. తువ్వాలు, జుబ్బా, లంగోటా అన్నీ ముందే మంచం మీద పరిచి పెట్టుకోవాలి. నీళ్లు పోశాక జుబ్బా కోసం బీరువా వెతికే ఇల్లు మాదే, ఆ రెండు నిమిషాల్లోనే పెద్దాడి పాదాలు చల్లబడిపోయేవి. నీళ్లు మోచేతితో చూసుకోండి, వెచ్చగా ఉండాలి గానీ వేడిగా కాదు. ఐదు నిమిషాల్లో ముగించి తల ముందు తుడవండి, తర్వాత ఒళ్లు, చంకలు, మెడ మడతలు. కాళ్ల మీద పడుకోబెట్టుకుని అరగంట నలుగు పెట్టడం పెద్దవాళ్లకి సరదాగానే ఉంటుంది, బిడ్డకి శనగపిండి గీతలూ చలీ మిగులుతాయి. నూనె మర్దనా తేలిక చేత్తో, వెచ్చటి గదిలో, స్నానానికి ముందు పది నిమిషాలు చాలు.

చల్లబడితే

తడి బట్టలుంటే తీసేయండి. తల్లి జాకెట్ హుక్కులు విప్పి, బిడ్డకి లంగోటా, టోపీ, మేజోళ్లు మాత్రం ఉంచి, నేరుగా గుండెల మీద పెట్టుకుని, పైన దుప్పటి కప్పి పాలు పట్టాలి. గంట తర్వాత మళ్లీ చూడండి. అప్పటికీ పెరగకపోతే ఆసుపత్రికి బయలుదేరండి. పొట్ట కూడా చల్లగా ఉన్నా, పాలు లాగలేకపోయినా, ఊపిరి కష్టంగా ఉన్నా ఆ గంట కూడా ఆగకండి. వేడినీళ్ల సీసా పక్కన పెట్టడం, గుడ్డ పెనం మీద వేడిచేసి కాపడం పెట్టడం వద్దు, ఆ చర్మం ఇట్టే కాలుతుంది.

వేడెక్కితే

ఒక్కో పొర తీసి, చల్లటి గాలి వచ్చే చోటికి మార్చి, పాలు పట్టి, అరగంటలో మళ్లీ చూడండి. ఐస్ నీళ్లు, తడిగుడ్డ చుట్టడం వద్దు. ఎంత ఎండాకాలమైనా మంచినీళ్లు, గ్లూకోజు, చక్కెర నీళ్లు ఆరు నెలల దాకా పట్టకూడదు, తల్లిపాలలో 87 శాతం పైనే నీళ్లు. కాకపోతే పాలు ఎక్కువసార్లు పట్టాలి, తల్లి నీళ్లు బాగా తాగాలి. రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపు పాలు సరిగా అందకపోయినా ఒళ్లు వేడెక్కుతుంది, ఉచ్చ తగ్గిందేమో కూడా చూసి డాక్టర్‌కి చెప్పండి. 100.4కి చేరితే మాత్రం ఈ అరగంట లెక్క లేదు, దారిలోనే విప్పుకుంటూ వెళ్లాలి.

నెలతక్కువ బిడ్డ, బరువు తక్కువ బిడ్డ

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా వదిన పన్నెండు రోజుల బాలింత, వాళ్ల బాబు రెండు కేజీలు కూడా లేడు. కిటికీ అద్దాలు పగిలి వాన గాలి గదిలోకి కొడుతోంది, కరెంటు లేదు, ఫోన్లు లేవు, రోజుల తరబడి అంతే. మా అన్నయ్య చొక్కా గుండీలు విప్పి వాడిని గుండెల మీద పెట్టుకుని, వదిన పాత చీరతో నడుం దాకా కట్టుకుని, గోడకి దిండు వేసుకుని కూర్చున్నాడు. వదిన పాలకి తీసుకోవడం, మళ్లీ అన్నయ్య గుండెల మీదకి. మూడు రాత్రులు.

దానికి కంగారూ పద్ధతి అనే పేరుందని మాకు తర్వాత తెలిసింది. 1970ల చివర్లో కొలంబియా దేశంలోని బొగోటాలో, ఇంక్యుబేటర్లు సరిపోక డాక్టర్ ఎడ్గార్ రే మొదలుపెట్టిన పద్ధతి అది. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ నెలతక్కువ, బరువు తక్కువ బిడ్డలందరికీ రోజుకి 8 నుంచి 24 గంటలు అలా ఉంచమంటోంది.

పెట్టుకునే తీరు: బిడ్డని నిలువుగా, రొమ్ముల మధ్యన, కాళ్లు కప్పలా మడిచి, తల ఒక పక్కకి తిప్పి. గడ్డం గుండెకి నొక్కుకుపోకుండా కాస్త పైకి ఉండాలి, ముక్కు కనబడుతూ ఉండాలి. చీర కట్టు బిడ్డ చెవి దాకా రావాలి, పొట్ట దగ్గర మరీ బిగించకూడదు. ఒకసారి పెడితే కనీసం గంట, ఊరికే తీసి పెడుతుంటే వేడి నిలవదు. వెనక్కి వాలి కూర్చోవాలి, నిద్ర ముంచుకొస్తే పక్కన మెలకువగా ఉన్నవాళ్లకి అప్పగించాలి. జలుబు, దగ్గు ఉన్నవాళ్లు పెట్టుకోకూడదు. ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి వచ్చినా సరే, 108 వచ్చేదాకా, వచ్చాక దారి పొడుగునా బిడ్డని ఇలాగే గుండెకి కట్టుకుని వెళ్లండి, రగ్గులో చుట్టి ఒడిలో పెట్టుకోవడం కంటే ఇదే వెచ్చన.